బిట్‌కాయినూ, మా పిన్ని డ్వాక్రా పుస్తకమూ

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా పిన్ని, "ఒరే అబ్బాయ్, సైన్సు చదువుతున్నావు గదా, ఈ బిట్‌కాయిన్ అంటే ఏంట్రా?" అని అడిగింది. ఆవిడ కొల్లేటి పక్క రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. కూలి డబ్బుల్లో మిగిల్చినవీ, డ్వాక్రా అప్పులో దాచినవీ కలిపి ఇరవైవేలు ఉన్నాయి. ఊళ్ళోకి వచ్చిన ఒకాయన అవి ఆరు నెలల్లో రెట్టింపు చేసిపెడతానన్నాడట. నాకు వెంటనే జవాబు తోచలేదు. కెమిస్ట్రీ రికార్డు తప్ప వేరే రికార్డు ఎరగని వాణ్ణి! తర్వాత చదివి తెలుసుకున్నది మిత్రులకు కూడా పనికివస్తుందని రాస్తున్నాను.

బిట్‌కాయిన్ అంటే చేత్తో పట్టుకునే నాణెం కాదు, ఒక లెక్కల పుస్తకం. 2008లో సతోషీ నకమోటో అనే మారుపేరుతో ఎవరో దాని పద్ధతి ప్రకటించారు. 2009 జనవరిలో అది మొదలైంది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఆ పుస్తకంలో పేజీలు పేజీలుగా ఎక్కుతుంది. ఒక్కో పేజీలోని అంకెలన్నిటి నుంచి హాష్ అనే గుర్తు పుడుతుంది. ఆ గుర్తును తరువాతి పేజీలో వేస్తారు. వెనక ఎక్కడో ఒక్క సున్నా దిద్దినా గుర్తు మారిపోయి, ఆపై పేజీలన్నీ తప్పు పడతాయి. పైగా పుస్తకం నకళ్ళు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటాయి. కొత్త పేజీ ఎక్కించే హక్కు కోసం కంప్యూటర్లు పోటీపడతాయి, గెలిచినదానికి కొత్త నాణేలు దక్కుతాయి. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు.

ఇదంతా చెబితే పిన్ని, "మా గ్రూపు పుస్తకం లాంటిదేగా" అంది. నేను ఆశ్చర్యపోయాను. నిజమే. మీటింగులో పదిమంది ముందూ లెక్క చదువుతారు గనుక లీడరు ఒక్కతే దిద్దడం కష్టం. డ్వాక్రా 1982లో మొదలైనా, మన రాష్ట్రంలో అది ఊపందుకున్నది నెల్లూరు జిల్లా ఆడవాళ్ళ సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత. రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి అక్కడిదే. బ్యాంకు మెట్లెక్కడానికి భయపడే వాళ్ళకు గ్రూపే హామీ అయింది.

అయితే ఒక తేడా ఉంది. బిట్‌కాయిన్‌లో మన సొమ్ముకు ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. దాన్ని పన్నెండో, ఇరవైనాలుగో మాటలుగా రాసి దాచుకోవచ్చు. అది పోతే ఇక మేనేజరూ లేడు, అర్జీ లేదు. ఎవరి చేతిలో చెవి ఉంటే వారిదే సొమ్ము. 2013 ప్రాంతంలో అఫ్ఘనిస్తాన్‌లో హెరాత్‌కు చెందిన రోయా మహబూబ్, బ్యాంకు ఖాతాలు లేని అమ్మాయిలకు రాతపనికి బిట్‌కాయిన్ రూపంలో ప్రతిఫలం అందే ఏర్పాటు చేసింది. నోట్లయితే ఇంట్లో మగవాళ్ళు లాక్కునే వీలుంది. ఇది నన్ను బాగా ఆలోచింపజేసింది.

మరి పిన్ని సంగతి? 2014లో వచ్చిన జన్‌ధన్ పుణ్యమా అని ఆవిడకు ఖాతా ఉంది. కాని ఆ ఖాతాకు కలిపిన ఫోను మా బాబాయిది! మెసేజి ఆయనకే, ఓటీపీ ఆయనకే. ఇక ఆ పన్నెండు మాటలు మాత్రం ఎవరి జేబులో ఉంటాయి?

ధర సంగతి కూడా చెప్పాలి. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ దాదాపు 69 వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి 17 వేల లోపు. అంటే ఇరవైవేలు దాదాపు అయిదువేలు అయ్యేవి. ఆ తర్వాత మళ్ళీ పెరిగిందనుకోండి. కాని గ్రూపు వాయిదా ధర పెరిగేదాకా ఆగదు గదా! తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లి ధర పడితే ఉల్లిపాయలన్నా కూరలోకి వస్తాయి. పైగా 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని దేనిలోనూ సర్దుకోనివ్వరు. ఇక రెట్టింపు చేస్తానన్న ఆయన పుస్తకం ఎవరికీ చూపించలేదు. అది బిట్‌కాయినో కాదో కూడా అనుమానమే.

"వద్దు పిన్నీ" అన్నాను. "సరేలే, మరి ఆ ఫోను సంగతి చూడరా" అంది. పండగ వెళ్ళాక ఇద్దరం ఏలూరు వెళ్ళాం. ఆవిడ ఆధార్ మీద కొత్త సిమ్ము తీసుకుని, ఖాతాలో నంబరు మార్చమని బ్యాంకులో కాగితం పెట్టాం. ఎన్నిరోజులకు అవుతుందని అడిగితే వారం అన్నారు. బాబాయికి ఇంకా చెప్పలేదు.