చాక్లెట్ కరిగించడం తేలికే, మళ్ళీ గడ్డకట్టించడమే అసలు పని

మా తాతయ్యది ఏలూరు జిల్లాలో ఒక పల్లెటూరు. కొబ్బరి చెట్ల మధ్య కోకో వేసి ఇరవై ఏళ్ళు దాటింది. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. తాతయ్య కాయలు కొట్టించి, గింజల్ని మగ్గబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తి అమ్మేస్తారు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ గింజ చాక్లెట్ అవుతుందని తెలుసు, కానీ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. షాపులో పిల్లలకి కొనిపెట్టే తీపి చాక్లెట్ తప్ప ఇంకోటి తినలేదు కూడా.

అందుకే పోయిన మే సెలవుల్లో 400 గ్రాముల డార్క్ చాక్లెట్ కొని, మౌల్డ్ పట్టుకుని ఊరెళ్ళాను. రెండు రోజుల్లో మొత్తం పాడుచేశాను. ఎందుకు పాడైందో అర్థం చేసుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఆ నేర్చుకున్నదే ఈ పాఠం.

ముందు లేబుల్ చదవండి

బేకరీ సామాన్ల షాపులో దొరికే స్లాబులు రెండు రకాలు. ఇంగ్రీడియెంట్స్‌లో కోకో బటర్ ఉంటే అది అసలు చాక్లెట్. దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే అది కాంపౌండ్. కాంపౌండ్‌ని కరిగించి మౌల్డ్‌లో పోస్తే చాలు, దానంతటదే గట్టిపడుతుంది. రుచి కొంచెం తక్కువ, పని చాలా తక్కువ. అసలు చాక్లెట్ అలా కాదు, దానికి టెంపరింగ్ కావాలి. రెండూ కలిపి మాత్రం కరిగించకండి. ఆ రెండు కొవ్వులకీ పడదు, మెత్తగా ఉండిపోతుంది.

ఇంకో మాట. బ్రౌనీ, కేక్ కోసమైతే టెంపరింగ్ అక్కర్లేదు. ఎలాగూ పిండిలో కలిసి ఓవెన్‌లోకి వెళ్ళేదే కదా. వెన్నతో కలిపి కరిగించేయండి. మౌల్డ్ చాక్లెట్లకీ, పైపూతకీ మాత్రమే ఆ తిప్పలు.

కరిగించడం

చాక్లెట్‌ని సన్నగా తరగండి. పెద్ద ముక్కలైతే బయట మాడుతుంది, లోపల కరగదు.

స్టవ్ మీదైతే: గిన్నెలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి వేడిచెయ్యండి. మంట సిమ్‌లో పెట్టి, పైన ఇంకో స్టీల్ గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్ళకి తగలకూడదు. అందులో చాక్లెట్ వేసి నెమ్మదిగా కలపండి.

మైక్రోవేవ్‌లో అయితే: సగం పవర్‌లో 30 సెకన్లు, తీసి కలపడం, మళ్ళీ 15 సెకన్లు, మళ్ళీ కలపడం. చాక్లెట్ లోపల కరిగిపోయినా పైకి ముక్కలాగే కనిపిస్తుంది. చూసి ఇంకా కరగలేదనుకుని టైం పెంచితే మాడిపోతుంది. కళ్ళని కాదు, గరిటెని నమ్మండి.

డార్క్ చాక్లెట్‌కి 45 నుంచి 50 డిగ్రీలు సరిపోతుంది. పాలు, తెలుపు రకాలకి 40 నుంచి 45. అంటే మనం స్నానం చేసే వేడినీళ్ళ కంటే పెద్ద ఎక్కువేం కాదు.

నీటి చుక్క పడితే

నా మొదటి తప్పు ఇదే. పైగిన్నె ఎత్తినప్పుడు దాని అడుగున పట్టిన ఆవిరి నీళ్ళు రెండు చుక్కలు చాక్లెట్‌లో పడ్డాయి. నిమిషంలో నున్నటి ద్రవం కాస్తా గరుకు ముద్ద అయిపోయింది. తాతయ్య తొంగి చూసి, "ఏరా, పాకం ముదిరిపోయిందా?" అన్నారు.

పాకం కాదు, పంచదార. చాక్లెట్‌లో పంచదార పొడి కొవ్వులో తేలుతూ ఉంటుంది. పంచదార డబ్బాలో తడి చెంచా పెడితే ఏమవుతుంది? గడ్డలు కడుతుంది. ఇక్కడా అంతే. అందుకే గిన్నె, గరిటె పొడిగా ఉండాలి, చెక్క గరిటె వద్దు, గిన్నె దించగానే అడుగు గుడ్డతో తుడవాలి.

తమాషా ఏంటంటే, దీనికి మందు ఇంకొంచెం నీళ్ళే. వేడి పాలుగానీ నీళ్ళుగానీ చెంచా తర్వాత చెంచా పోస్తూ కలిపితే ముద్ద విడిపోయి మళ్ళీ నున్నగా అవుతుంది. అయితే అది ఇక మౌల్డ్‌కి పనికిరాదు. ఐస్‌క్రీం మీద సాస్‌గానో, వేడి పాలల్లోనో వాడుకోవాలి. నాకు అప్పుడు తెలీక పారేశాను.

టెంపరింగ్ అంటే

రెండో రోజు నీళ్ళు పడకుండా కరిగించాను. మౌల్డ్‌లో పోశాను. సాయంత్రం దాకా గట్టిపడలేదు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడింది గానీ, తీసిన రెండు నిమిషాల్లో చెమట పట్టి, వేళ్ళకి అంటుకుని, మెత్తబడిపోయింది. తాతయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని "బానే ఉంది" అన్నారు. ఆ "బానే ఉంది" ఎలాంటిదో మనందరికీ తెలుసు.

కారణం ఇది. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. ఒకే డేటాని ఆరు రకాలుగా అమర్చినట్టు. మనకి కావాల్సింది ఐదో రకం. అదే మెరుస్తుంది, టక్‌మని విరుగుతుంది, సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒళ్ళు 37 కదా, అందుకే చేతిలో కాసేపు నిలిచి నోట్లో కరిగిపోతుంది. కింది రకాలు ఇంకా తక్కువ వేడికే కరుగుతాయి, మెత్తగా ఉంటాయి. ఊరికే కరిగించి వదిలేస్తే అన్నీ కలగాపులగంగా ఏర్పడతాయి.

చెయ్యాల్సింది:

1. చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించండి. పాత స్ఫటికాలన్నీ పోతాయి.
2. మంట మీద నుంచి దించి, మిగిలిన వంతు తరుగుని కొంచెం కొంచెంగా వేసి కలుపుతూ ఉండండి. కొన్న స్లాబులో ఉండేది ఐదో రకమే కాబట్టి ఆ తరుగు తోడులా పనిచేస్తుంది. పాలల్లో పెరుగు వేసినట్టే.
3. 31, 32 డిగ్రీలకి దిగాక మౌల్డ్‌లో పోయండి. పాల చాక్లెట్‌కైతే 29, 30.

థర్మామీటర్ లేకపోతే కింది పెదవికి కొంచెం రాసుకోండి. కాస్త చల్లగా తగిలితే సరైన వేడి. చాకు కొన ముంచి పక్కన పెడితే, చల్లటి గదిలో ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. మా నానమ్మ అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి చూసినట్టే ఇదీ.

ఇప్పుడు మే నెల సంగతి అర్థమైందా? మా ఇంట్లో ఏసీ లేదు. గది వేడే 36 ఉంటే, 34కి కరిగేది ఎలా గడ్డకడుతుంది? నా కోడ్ తప్పే, కానీ ఎన్విరాన్‌మెంట్ ఇంకా తప్పు. 20, 22 డిగ్రీల గది కావాలి. ఏసీ లేకపోతే మేలో కాంపౌండే దిక్కు.

సంక్రాంతికి

జనవరిలో మళ్ళీ తీసుకెళ్ళాను. తెల్లవారుజామున లేచి మొదలుపెట్టాను. నేను థర్మామీటర్ చూస్తూ కలుపుతుంటే తాతయ్య గిన్నె మీద చెయ్యి పెట్టి, "మీరూ వేడి చూసుకుంటారన్నమాట" అన్నారు. గింజలు మగ్గేటప్పుడు కుప్పలో వేడి కూడా 45 డిగ్రీలు దాటుతుందట. ఇది నేను చదివి తెలుసుకున్నాను. ఆయన ఇన్నేళ్ళూ కుప్పలో చెయ్యి పెట్టి, ఎప్పుడు తిరగెయ్యాలో చెప్పేస్తున్నారు.

ముక్క విరిస్తే టక్‌మంది. ఆయన నెమ్మదిగా తిన్నారు.

"ఇది మన గింజేనా?"

"తెలీదు తాతయ్యా. స్లాబు కొన్నాను."

ఇంకో ముక్క తీసుకున్నారు. "చివర్లో పులుపు తగులుతోంది చూడు. కుప్ప తిరగేసేటప్పుడు వచ్చే వాసన అదే."

నేను అప్పటిదాకా ఆ పులుపు గమనించనే లేదు. ఈసారి మీరు డార్క్ చాక్లెట్ కరిగించేటప్పుడు ముందు ఒక ముక్క పక్కన పెట్టుకుని, నెమ్మదిగా తిని చూడండి. తర్వాతే స్టవ్ వెలిగించండి.