తన లెక్క తాను చూచుకొనుట

ఆత్మవిశ్వాసమనగా నేనేమైనను చేయగలనను ధైర్యమని పలువురు తలంచుచున్నారు. అది సాహసమే గాని విశ్వాసము కాదు. ఒక వర్తకుని మాటను మనమేల నమ్ముదుము? అతడు పదిమాఱులు చెప్పిన గడువునకు సొమ్ము చెల్లించియుండుటచేతనే గదా! మన మాటను మనము నమ్ముటకును ఇంతకంటె వేఱు మార్గము లేదు. వేకువనే లేచెదనని రాత్రి తనకు తాను మాట యిచ్చుకొని, తెల్లవారిన పిమ్మట దానిని తప్పి, ఎవ్వరును అడుగలేదు గదా యని యూరకుండువాడు తనయొద్దనే పరపతి పోగొట్టుకొనుచున్నాడు. లోకులయొద్ద పోయిన పరపతి వెంటనే తెలియును. ఇది తెలియదు; పెద్ద కార్యము పైబడినపుడు మనస్సు వెనుదీయుటచేతనే బయటపడును.

ఇంటి పద్దులకు మనము చిట్టా వ్రాయుదుము, ఆవర్జా సరిచూతుము. నడవడికిని చిట్టా వ్రాసినవాడొకడు కలడు. అతడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున అచ్చుకూటము నడపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706-1790). అతడు యౌవనమున మితాహారము, మౌనము, క్రమము మొదలగు గుణములను పండ్రెండింటిని వ్రాసికొనెను. క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు, నీవు గర్విష్ఠుడవని దృష్టాంతములతో చూపగా, వినయమును పదుమూడవదిగా చేర్చెను. చిన్న పుస్తకమొకటి చేసికొని, గుణమునకొక పుట కేటాయించి, పుటకు ఏడు దినముల నిలువు వరుసలును, పదుమూడు గుణముల అడ్డు వరుసలును గీసెను. వారమునకొక గుణముపై ముఖ్యముగా దృష్టి నిలుపుచు, ప్రతిరాత్రియు ఆనాటి తప్పులకు నల్లచుక్కలు పెట్టెడివాడు. పదుమూడు వారములకొక ఆవృత్తి, ఏటికి నాలుగు. పాత చుక్కలను గీకివేయగా గీకివేయగా కాగితము చిల్లులు పడెను. పిదప దంతపు రేకులపై ఎఱ్ఱసిరాతో గీతలు గీసి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడిపిన స్పంజితో తుడుచుచుండెను. తాననుకొన్నదానికంటె తనయందు తప్పులు మెండుగా నున్నవని ఆశ్చర్యపడితినని అతడే 1784లో, వృద్ధాప్యమున, వ్రాసియున్నాడు.

క్రమమను గుణము అతనికి కడవఱకును లొంగలేదు. ఇందులకతడొక కథ చెప్పెను. ఒకడు కమ్మరియొద్ద గొడ్డలి కొని, అంచువలె పై భాగమంతయు మెఱయవలెనని కోరెను. నీవు సానచక్రము త్రిప్పుదువేని అట్లే చేసెదనని కమ్మరి యొప్పుకొనెను. కొంతసేపు త్రిప్పునప్పటికి వానికి భుజములు నొచ్చెను. ఇంకను మచ్చలున్నవి, త్రిప్పుమని కమ్మరి యనగా, మచ్చల గొడ్డలియే నాకింపని వాడు దానిని పట్టుకొని పోయెను. మా వంశమున కోపము సహజమనియు, ఈ వయస్సున స్వభావము మాఱదనియు మనమనునపుడు మన చేతనున్నదియు ఆ గొడ్డలియే.

అయితే ఈ చిట్టాయందు మమ్ము మిక్కిలి కలంచునది వేఱొకటి కలదు. న్యాయమను వరుస అందున్నది. అయినను ఫ్రాంక్లిను ఇంట బానిసలుండిరి. అతని పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలు అచ్చయ్యెను. 1787లో అతడు బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. మరణించిన యేడే ఆ సంఘము పక్షమున అమెరికా శాసనసభకు విన్నపము పంపెను. ఇది గొప్పయే గాని, అప్పటికి ఎనుబదియేండ్లు దాటినవి! అలవాటైన తప్పు తనంత తాను చిట్టాలోనికి రాదు. చుక్కలు మనమే పెట్టుకొందుము గాక, వరుసలు గీయునపుడు మాత్రము ఆ క్వేకరు మిత్రుని వంటివాడొకడు ప్రక్కన నుండవలెను. మిత్రులకంటెను మన చేతిక్రింద పనిచేయువారు ఈ విషయమున మేలు.

మేమును ఒకప్పుడు ఇట్టి పుస్తకమును నెలదినములు వ్రాసితిమి. సత్యమను వరుసలో రెండే చుక్కలు పడగా లోలోన మురిసితిమి. ఆ నెలలోనే మా యింట పాత్రలు తోము అవ్వకు రావలసిన జీతమును, రేపిచ్చెదమని నాలుగుమాఱులు వాయిదా వేసితిమి. అది అసత్యమని మాకు తోచనేలేదు. కడపట ఆమె గుమ్మము కడ నిలిచి, "బాబూ, తమ రేపు ఎప్పుడొస్తుందండి?" అని అడిగెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజముగా దినము తెలిసికొనగోరియే అడిగెను. అప్పుడే జీతము చెల్లించి, రాత్రి పుస్తకము తెఱచి, ఆ వరుసలో నాలుగు చుక్కలు పెట్టితిమి.