పెద్దల కీళ్ళకు కదలికయే పోషణ

అరువది ఏండ్లు దాటిన పిమ్మట ఉదయము పడక నుండి లేచునపుడు మోకాళ్ళు, తుంటి కీళ్ళు, చీలమండలు బిగిసినట్లుండుట పెక్కుమందికి అనుభవమే. “ఇక కాళ్ళకు పని చెప్పవద్దు, కూర్చుండి విశ్రాంతి తీసికొనుడు” అని ఇంటివారు ప్రేమతో చెప్పుదురు. ఆ మాట విని పెద్దలు మొదట అంగడికి పోవుట మానుదురు. తరువాత మఠమునకు వచ్చుట మానుదురు. చివరకు గుమ్మము దాటుటకే ఇతరుల చేయి కోరుదురు. కీలును కాపాడవలెనని తీసికొన్న విశ్రాంతియే కీలును మరింత బిగించినది. ఇట్లేల జరుగునో, దీనికి ఇంటియందే చేసికొనదగిన ఉపాయమేమో ఈ వ్యాసమున తెలిసికొందము.

కీలు లోపల ఎముకల కొనలను కప్పి నున్నని మృదులాస్థి యుండును. దీనిలో రక్తనాళములు లేవు. చుట్టునున్న కీలు ద్రవము నుండియే అది ఆహారమును గ్రహింపవలెను. కాలు మోపినపుడు మృదులాస్థి నొక్కుకొని ద్రవమును వెలికి పంపును. కాలెత్తినపుడు తిరిగి పీల్చుకొనును. తడిగుడ్డను పిండి మరల నీట ముంచినట్లే యిది. కదలిక లేనిచో ఈ రాకపోకలు మందగించును. అంతేకాక, మోకాలి బరువును మోయుటలో తోడ్పడునది తొడ ముందు కండరము. వాడనిచో అది కొలది వారములలోనే సన్నగిల్లును. అది మోయవలసిన భారము కీలు మీద పడును, నొప్పి హెచ్చును, నొప్పికి జడిసి మనిషి మరింత కదలకుండును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట త్రెంపవలెను. త్రెంపుటకు సులభమైన చోటు కండరమే.

ఖమ్మము నుండి భద్రాచలము వరకు గల అడవి అంచు గ్రామములలో మోకాళ్ళకు పని తక్కువ కాదు. వేసవి మొదట ఇప్పపూవు ఏరుట, పిదప తునికాకు కోయుట, మిరప తోటలలో కాయ కోత, వరి నాట్లు, ఇవన్నియు వంగియో గొంతుకూర్చుండియో చేయు పనులు. పట్టణములలో అంగడి గద్దెపై దినమంతయు కాళ్ళు మడిచి కూర్చుండువారి సంగతి వేరు. మొదటివారి కీళ్ళు అతిగా వంగి అలసినవి. రెండవవారి కీళ్ళు కదలక బిగిసినవి. మొదటివారికి నడుమ నడుమ లేచి కాళ్ళు చాచుట అవసరము. రెండవవారికి అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుట అవసరము. తొడ కండరమునకు బలము మాత్రము ఇరువురికిని కావలయును.

అయితే బిగువు అంతయు వయస్సు వలననే అని తలచుట ప్రమాదము. అరిగిన కీలు ఉదయము బిగిసినను సాధారణముగా అరగంటలో సడలును. గంటకు పైగా సడలక, చేతివ్రేళ్ళ కీళ్ళు కూడ వాచినచో అది కీళ్ళవాతము కావచ్చును. దానికి వేరు చికిత్స కలదు. 2005 చివర ఆంధ్ర ప్రదేశములో మొదలై 2006లో అనేక రాష్ట్రములకు వ్యాపించిన చికున్‌గున్యా జ్వరము తగ్గిన తరువాత కూడ ఎందరికో నెలల తరబడి కీళ్ళ నొప్పులు మిగిలినవి. నీటి సంగతియు చూడవలెను. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో, తదుపరి మనకు పొరుగుననున్న నల్లగొండలో, త్రాగునీటి ఫ్లోరైడు వలన వెన్నును కీళ్ళను బిగించు వ్యాధిని వైద్యులు గుర్తించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. బోరు నీరు త్రాగు ఊళ్ళవారు దానిని పరీక్ష చేయించుకొనవలెను. కీలు ఎర్రబారి వేడెక్కి జ్వరము వచ్చినను, పడిన తరువాత కాలు మోపలేకున్నను, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినను, కాళ్ళు తిమ్మిరెక్కి మూత్రము పట్టు తప్పినను ఏ వ్యాయామము చేయక వెంటనే ఆస్పత్రికి పోవలెను.

ముసలితనములో కండరము తిరిగి పెరుగునా అని కొందరికి సందేహము. అమెరికాలోని బోస్టను నగరమున తొంబది ఏండ్ల వయస్సు గల పదిమంది ఆశ్రమవాసులు ఎనిమిది వారములపాటు పర్యవేక్షణలో తొడ కండరములకు వ్యాయామము చేసిరి. 1990లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. వారి తొడల బలము సగటున రెండున్నర రెట్లు మించినది. డెన్మార్కు దేశమున 2013 నుండి మోకాలు, తుంటి అరిగినవారికి శస్త్రచికిత్సకు ముందుగా వ్యాయామ శిక్షణ నిచ్చు పద్ధతి నడచుచున్నది. కావున వయస్సు మీరినదను మాట ఇచట చెల్లదు.

ఇంట చేయదగిన అభ్యాసములివి. దినమునకు ఒకసారి, ఇరువది నిమిషములు చాలును. ఊపిరి బిగబట్టరాదు.

1. పడకపై వెల్లకిల పండుకొని పాదములను పైకి క్రిందికి ఇరువదిసార్లు ఆడింపవలెను. పిదప మడమను పరుపుపై జార్చుచు మోకాలిని నెమ్మదిగా మడిచి చాపవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు.

2. మోకాలి క్రింద తువాలు చుట్ట ఉంచి, దానిని మోకాలితో క్రిందికి నొక్కి, అయిదు లెక్కించి వదలవలెను. పదిసార్లు.

3. కుర్చీలో కూర్చుండి ఒక కాలిని చాచి అయిదు లెక్కించువరకు నిలిపి దింపవలెను. పదిసార్లు.

4. గోడకు ఆనించిన కుర్చీ నుండి లేచి నిలిచి, మరల మెల్లగా కూర్చుండవలెను. మొదట చేతుల ఊతతో అయిదుసార్లు. బలము వచ్చిన కొలది ఊత లేక పదిసార్లు. లేవలేనివారు దుప్పటి మడచి కుర్చీపై వేసి ఎత్తు పెంచుకొనవచ్చును. అన్నిటిలోను ముఖ్యమైనది ఇదియే. మరుగుదొడ్డి నుండి, బస్సు సీటు నుండి, మంచము నుండి పరసహాయము లేక లేచుట దీనిపైననే ఆధారపడియున్నది.

5. గట్టి బల్లనో గోడనో పట్టుకొని మడమలెత్తి దింపుట పదిసార్లు. ఒంటికాలిపై పది లెక్కించువరకు నిలుచుట. ఇది పడిపోకుండ కాపాడును.

చేయునపుడు కొద్ది నొప్పి తోచిన భయపడనక్కరలేదు. మరునాటికిని ఆ నొప్పి తగ్గకున్న లెక్కను సగము చేయవలెను, పూర్తిగా మానరాదు. ఫలము ఆరు వారములకు గాని పన్నెండు వారములకు గాని తెలియును. అభ్యాసమునకు ముందు వావిలాకు వేసి కాచిన నీటితో కాపడము పెట్టుకొనుట మన పల్లెల వాడుక. వేడి బిగువును సడలించును గనుక అది మంచిదే. కాని మధుమేహముతో పాదములు మొద్దుబారినవారు వేడిని ఇతరుల చేతితో పరీక్షింపజేసికొనవలెను. నూనె మర్దనము హాయి నిచ్చునే గాని కండరమును పెంచదు. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగున మోకాలిపై నాలుగు కిలోల ఒత్తిడి తగ్గును. చేతికఱ్ఱను నొప్పి కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టవలెను. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు నొప్పి కాలు ముందు. నొప్పి మాత్రలను వైద్యుని అడుగక నెలల తరబడి మ్రింగుట మూత్రపిండములకును కడుపునకును హాని. పేరు తెలియని పొడుములలో స్టెరాయిడులు కలిసియుండవచ్చును.

ఇక మన ఇండ్లకు, మఠములకు సంబంధించిన మాట. నేలపై కూర్చుండలేక పూజ మానుకొన్న పెద్దలు కలరు. ఇష్టలింగమును మనము ఎడమ అరచేతియందుంచి పూజింతుము. చేయి నిలకడగా నుండుట ప్రధానము. నేల ప్రధానము కాదు. కుర్చీయందు పాదములు నేలకు ఆన్చి, వెన్ను నిటారుగా కూర్చుండి పూజించుటలో లోపమేమియు లేదు. నొప్పి గల మోకాలిని బలవంతముగా పద్మాసనమున మడుచుట నియమము కాదు, దేహమునకు హింస. దేహమునే దేవాలయముగను కాళ్ళను స్తంభములుగను భావించిన బసవేశ్వరుని వచనము మనమెరిగినదే. స్తంభమును శిథిలము కానిచ్చి శిఖరమునకు పూత పూయుట తగునా?

కావున మఠముల నిర్వాహకులు దాసోహశాలలో ఒక వరుస బల్లలు వేయించవలెను. మెట్ల ప్రక్కన పట్టుకొనుటకు కమ్మి అమర్చవలెను. స్నానపు గదులలో ఎత్తైన పీఠమును ఏర్పాటు చేయవలెను. ఖర్చు స్వల్పము, ఊరిలోని పెద్దలు తిరిగి వత్తురు. ఇంటివారును ప్రేమ పేరిట పెద్దల చేతిలోని పని లాగికొనరాదు. చెంబుతో నీరు తెచ్చుట, పూలు కోయుట, అంగడి గల్లా వద్దకు నడచి పోవుట, ఇవి వారి కాయకములే. కాయకమును కైలాసమని నమ్మిన సమాజమున విశ్రాంతి పేరిట ఎవరికిని కాయకము లేకుండ చేయుట మర్యాద కాదు. నేటి సాయంకాలమే ఇంటిలోని పెద్దవారి ప్రక్కన మరియొక కుర్చీ వేసికొని, వారితోపాటు అయిదుసార్లు లేచి కూర్చుండుడు. శుభము.