‘నార్మల్’ అంటే ఎంత?



అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (బయట కనబడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హతకు) చదివే పిల్లలు 91.175 విమానయాన నిబంధన దగ్గర తడబడటం మామూలే. అల్లుడూ, నువ్వు అడిగిన సందేహమూ దాని గురించే. అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగి వస్తున్నప్పుడు, కనీస ఎత్తు కంటే కిందికి రావాలంటే, విమానం దిగదలచిన రన్‌వే మీదికి నార్మల్ వేగంతో దిగుతూ, నార్మల్ కదలికలతో చేరుకోగల స్థితిలో ఎడతెగకుండా ఉండాలంటుంది ఆ నిబంధన. చూపు ఆనే దూరం, రన్‌వే గుర్తులు కనబడటం వేరే షరతులు. అయితే ‘నార్మల్’ అంటే నిమిషానికి ఎన్ని అడుగులో అందులో లేదు.

అంకె లేదు కాబట్టి అంతా పైలట్ ఇష్టమే అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. ఒకే అంకె అన్నిచోట్లా పనికిరాదు, అంతే. సాధారణంగా అప్రోచ్ వాలు 3 డిగ్రీలు. లండన్ సిటీ విమానాశ్రయంలో 5.5. ప్రత్యేక అనుమతి ఉన్న విమానానికి, సిబ్బందికి అక్కడ అదే నార్మల్. రన్‌వే దగ్గరపడ్డాక నిమిషానికి 1000 అడుగులు మించి దిగుతుంటే అప్రోచ్ కుదుటపడలేదని జెట్ పైలట్లు లెక్కేస్తారు. అది వృత్తిలో స్థిరపడిన హద్దు, ఈ నిబంధనలోని మాట కాదు.

అసలు బరువంతా ‘ఎడతెగకుండా’ అన్న మాటలో ఉంది. రన్‌వేకి 600 అడుగుల ఎత్తున, నేల మీద 120 నాట్ల వేగంతో ఒక విమానం వస్తోందనుకో. నిమిషానికి 2 నాటికల్ మైళ్లు. వాలాల్సిన చోటు 2 మైళ్ల దూరంలో ఉండగా రన్‌వే కనిపిస్తే నిమిషానికి 600 అడుగులు దిగితే చాలు. ఒక మైలు దగ్గర కనిపిస్తే 1200. అర మైలు దగ్గరైతే 2400! రన్‌వే అదే, పైలట్ అతనే. మధ్యలో పోయింది 45 సెకన్లు. వెనకగాలి ఉంటే ఆ కాస్త వ్యవధీ మిగలదు.

రన్‌వే కనిపించినంత మాత్రాన చాలదు. 2010 మే 22న మంగళూరులో విమాన ప్రమాదం జరిగింది రన్‌వే కనిపించక కాదు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో వచ్చింది. దాన్ని దించేయాలని కెప్టెన్ ముక్కు వంచారు. హెచ్చరిక యంత్రం అరుస్తూనే ఉంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవండి) అన్నారు. సుమారు 8000 అడుగుల రన్‌వేలో 5200 అడుగులు దాటాక విమానం నేలను తాకింది. 158 మంది పోయారు, 8 మంది మిగిలారు.

టచ్‌డౌన్ జోన్‌లోనే చక్రాలు ఆనేలా దిగాలన్న షరతు అమెరికా నిబంధనలో ఎయిర్‌లైన్, చార్టర్ విమానాలకే ఉంది. శిక్షణ విమానానికి లేదు. ఉన్నట్టే నడుపు నాన్నా.

ఎక్కేముందే చార్టు మీద, ఏ దూరం దాటితే దిగడం నార్మల్ కాదో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టుకో. అది దాటాక రన్‌వే ఎంత స్పష్టంగా కనిపించినా కిందికి దిగకు. అదే ఎత్తులో మిస్డ్ అప్రోచ్ పాయింట్ దాకా వెళ్లి పైకి లేచిపో. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ చుక్క ఎన్ని మైళ్ల దగ్గర పెట్టావో చెప్పు.