అక్షరదానము ఇంట నారంభము కావలెను

తాను వ్రేలిముద్ర వేసిన పత్రములో నేమి వ్రాయబడియున్నదో యెరుగక భూమిని గోల్పోయిన రైతును న్యాయస్థానమున జూచినవాడు, అక్షరజ్ఞానము అలంకారమని యెన్నడును తలంపడు. అది ఆత్మరక్షణకు సాధనము. విద్యాదానము శ్రేష్ఠమని మనమందరమును చెప్పుదుము. కాని పాఠశాలకు చందా నొసంగి, తమ యింటి స్త్రీలను సేవకులను నిరక్షరులుగా నుంచు విద్యాధికు లెందరు లేరు? అట్టివారి సంస్కారము సాక్ష్యము లేని వ్యాజ్యెము వంటిది.

కలకత్తాకు సమీపమున నున్న బరానగరములో బ్రాహ్మసమాజీయులగు శశిపద బెనర్జీగారు చేసిన కార్యము ఈ విషయమున మనకు పాఠము. ఆయన మొదట పాఠశాలను స్థాపింపలేదు; తన ధర్మపత్ని రాజకుమారీదేవికి స్వయముగా చదువు నేర్పెను. ఇంటిలో వెలిగిన ఆ దీపమునుండియే 1865వ సంవత్సరమున బరానగర బాలికాపాఠశాల వెలసినది. పిమ్మట ఆయన దృష్టి జనపనార మిల్లులలో పనిచేయు కూలీలపై ప్రసరించినది. పగలెల్ల యంత్రముల యొద్ద నుండువారు పగటి బడికి రాజాలరు గనుక వారికి రాత్రి పాఠశాలలు పెట్టెను. 1870లో శ్రామికుల సంఘమును నెలకొల్పెను. తండ్రికి చదువు రుచి తెలియని యింట బిడ్డ చదువు నిలువదు. కావున పిల్లల బడియు పెద్దల బడియు ఒకదాని కొకటి యాధారములు.

నేర్చిన యక్షరములు చదువుటకేమియు లేనిచో మాసిపోవును. అందుచే శశిపదగారు 1874లో కూలీల కొరకు ‘భారత శ్రమజీవి’ యను మాసపత్రికను ప్రారంభించెను. ఆ సంవత్సరముననే మన ధవళేశ్వరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారును బాలికాపాఠశాలను స్థాపించి, ‘వివేకవర్ధని’ని వెలువరించిరి. బడియు పత్రికయు జంటగా నుండవలెనని ఈ యుభయుల యాచరణమును చాటుచున్నది.

చదువువాని బ్రతుకును దాకిన పాఠమెంత బలవంతమో మన నెల్లూరు జిల్లా చూపినది. 1990 తరువాతి యక్షరాస్యతోద్యమములో దూబగుంట స్త్రీలు రాత్రి బడిలో ‘సీతమ్మ కథ’ యను పాఠమును చదివిరి. స్త్రీలందరు నేకమై తమ యూరి సారా దుకాణమును మూయించుట అందలి కథ. వారు దానిని చదివి యూరకుండక, తమ యూరిలోను అట్లే చేసిరి. ఆ యుద్యమ మితర జిల్లాలకు వ్యాపించగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సారా విక్రయమును నిషేధించెను. పలక పట్టిన చేతులు శాసనమును తెచ్చినవి.

వీనినిబట్టి మనకు దేలిన విధులు మూడు. మొదటిది, అక్షరాభ్యాసము మన యింట మొదలు కావలెను. రెండవది, బడి వేళ చదువువారికి అనుకూలముగా నుండవలెనుగాని చెప్పువారికి గాదు. మూడవది, పాఠము చదువువారి కష్టసుఖములను గూర్చియే పలుకవలెను.

సోదరులారా! సమాజమందిరమున కన్నులు మూసికొని, చీకటినుండి వెలుగునకు నడిపింపుమని పరమేశ్వరుని ప్రార్థించుచున్నాము. ఇంటికి మరలివచ్చి, మన వంటయింట పొగలో గూర్చున్న యామెకు తన పేరు వ్రాయ వచ్చునాయని యొక్కనాడైన నడిగితిమా? అడుగకున్న, ఈ రాత్రియే యడుగుదము. రాదన్నచో, ఈ రాత్రియే పలక నందింతము.