గేజ్ సరిగా లేని వాగుకు మోడల్ కట్టేటప్పుడు

చిన్న వాగు మీద చెక్‌డ్యామో, లిఫ్టు పథకమో కడదామని ప్రతిపాదన వస్తుంది. వాన లెక్కలకు కొదవ లేదు; వాతావరణ శాఖ గ్రిడ్ డేటా 1901 నుంచి రోజువారీగా దొరుకుతుంది. ప్రవాహం లెక్కలు మాత్రం రెండు మూడేళ్లవే, అవీ మధ్యమధ్యలో ఖాళీలతో. వంశధారకు కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం స్టేషన్ ఉంది గానీ, దాంట్లో కలిసే ప్రతి వాగుకూ అంత భాగ్యం ఎక్కడిది? ఇలాంటి చోట కొత్తగా చేరిన ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్ తెరిచి ముందు ఆటో కాలిబ్రేషన్ నొక్కుతారు. ఆ పని ఆఖరుకు పెట్టుకోండి.

మొదట వాన తేదీలు సరిచూడండి. వాతావరణ శాఖ వాన కొలిచేది ఉదయం ఎనిమిదిన్నరకు. 15వ తేదీ కింద 60 మి.మీ. అని ఉంటే, అది 14 ఉదయం 8.30 నుంచి 15 ఉదయం 8.30 దాకా పడిన వాన. మన దగ్గర ఉరుముల వాన సాయంత్రం దంచి కొడుతుంది, అర్ధరాత్రి లోపే వాగు పొంగుతుంది. ప్రవాహాన్ని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి సగటు కట్టారనుకోండి, వరద 14న, వాన 15న పడుతుంది. వాన రాకముందే వరద! ఆటో కాలిబ్రేషన్‌లోని ఆప్టిమైజర్‌కి ఇదంతా ఏం తెలుసు, పాపం? పారామీటర్లను అటూ ఇటూ లాగి ఎలాగోలా సర్దేస్తుంది. ఆ సర్దుబాటును మీరు నేల స్వభావం అనుకుంటారు.

తర్వాత ఏడాది మొత్తం ప్రవాహాన్ని మిల్లీమీటర్లలోకి మార్చండి. 200 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో సెకనుకు ఒక ఘనమీటరు చొప్పున రోజంతా పారితే అది 0.43 మి.మీ. ఏటా వెయ్యి మిల్లీమీటర్లు కురిసే మెట్ట ప్రాంతంలో ప్రవాహం 650 మి.మీ. అని తేలితే మోడల్ జోలికి పోకుండా, నీటి మట్టం నుంచి ప్రవాహం తేల్చే రేటింగ్ కర్వ్ తీయించి చూడండి. చాలా చోట్ల మనుషులు దిగి కొలిచింది నీళ్లు నడుము లోతు ఉన్నప్పుడే. అంతకు పైన కనిపించేదంతా స్కేలుతో పొడిగించిన గీత.

మోడల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. జీఆర్4జే అనే రోజువారీ వాన-ప్రవాహ మోడల్‌కి నాలుగే పారామీటర్లు. కొరత డేటాకు అలాంటివే నయం. రెండేళ్ల ప్రవాహంతో ఇరవై పారామీటర్లు తేల్చబోతే, పొంతన లేని పారామీటర్ సెట్లెన్నో కొలిచిన ప్రవాహంతో పోలికలో ఒకే మార్కు తెచ్చుకుంటాయి. పక్క బేసిన్ నుంచి పారామీటర్లు అరువు తెచ్చుకోవచ్చు, కానీ దగ్గరగా ఉందని కాదు. నేల, వాలు, చెరువుల సాంద్రత కలిస్తేనే.

చెరువుల దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణ, రాయలసీమల్లో గొలుసుకట్టు చెరువులు తొలకరి వానల నీటిని చాలావరకు పట్టేస్తాయి. వాటిని మోడల్లో పెట్టకపోతే ఆ నీటిని అది నేల ఖాతాలో రాసేస్తుంది, చెరువులు నిండాక వచ్చే వరదను తక్కువ చేసి చూపిస్తుంది. అయితే అదే చెరువు మీకు గేజ్ కూడా. అలుగు పొడవు 30 మీటర్లు, దాని మీద నీళ్లు అర మీటరు ఎత్తున పారాయనుకుందాం. వెడల్పు గట్టు అలుగుకు గుణకం 1.7 తీసుకుంటే సెకనుకు 18 ఘనమీటర్లు, అంటే దాదాపు 640 క్యూసెక్కులు. (చేపల కోసం అలుగుకు అడ్డంగా వల కట్టి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, అడిగి తెలుసుకోండి.) ఊళ్లో చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఉంటే అతని దగ్గర కూర్చోండి. ఏ ఏడు అలుగు దూకింది, ఎన్నాళ్లు పారింది, నీళ్లు ఏ రాయి దాకా లేచాయి? అలుగు దూకని ఏడు కూడా డేటానే. ఆ ఏడు మీ మోడల్ అలుగు పారించిందంటే, మార్కు ఎంత బాగున్నా ఆ సెట్‌ను పక్కన పడేయొచ్చు.

వీలైతే ఒక వానాకాలం మీరే కొలిపించండి. ఏడాది పొడవునా అక్కర్లేదు. వరద ఎక్కేటప్పుడు, తగ్గేటప్పుడు తీసిన కొద్దిపాటి కొలతలు కూడా మోడల్‌కు చాలా చెబుతాయని సీబెర్ట్, బెవెన్ 2009లోనే చూపించారు.

ఇక మార్కులు. మోడల్ ప్రవాహం కొలిచినదానికి ఎంత దగ్గరో చెప్పే నాష్ సట్‌క్లిఫ్ మార్కు 0.6 వచ్చిందని సంబరపడకండి. వానాకాలం పారి ఎండాకాలం ఎండే వాగుకు, ఏ తేదీకి ఆ తేదీ పాత సగటు పెట్టినా ఓ మోస్తరు మార్కు వస్తుంది. మీ మోడల్ దాన్ని ఎంత దాటిందో చూడండి. పైగా ఆ మార్కును ఒకటి రెండు పెద్ద వరదలే శాసిస్తాయి. ప్రవాహానికి వర్గమూలం తీసి మరోసారి లెక్క కట్టండి. మంచి వానలున్న ఏడాదితో కాలిబ్రేట్ చేసి, కరువు ఏడాది మీద పరీక్షించండి.

రిపోర్టులో పై అధికారి ఒకే అంకె అడుగుతారు. ఇవ్వండి, కానీ దాని పక్కనే, ఈ పరీక్షల్లో నిలబడిన పారామీటర్ సెట్లన్నీ ఇచ్చిన కనిష్ఠం, గరిష్ఠం రాయండి. గేజ్ దగ్గర ఏ మట్టం వరకు నిజంగా కొలిచారో, పారామీటర్లు ఏ బేసిన్ నుంచి అరువు తెచ్చారో మొదటి పేజీలోనే పెట్టండి, అనుబంధంలో దాచొద్దు. ఏడాదిలో ఎంత నీరు దొరుకుతుందో తేల్చడానికి కట్టిన ఈ రోజువారీ మోడల్‌ను స్పిల్‌వే డిజైన్‌కు వాడకూడదని కూడా అక్కడే రాయండి. రెండేళ్ల తర్వాత ఎవరో ఒకరు దాని కోసమే ఈ ఫైలు తీస్తారు.