రేసుకు ముందు లెక్క

1969 జూన్. ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణంలో 24 గంటల కార్ల రేసు మొదలవుతోంది. అప్పట్లో డ్రైవర్లు ట్రాక్‌కు ఒక పక్కన నిలబడేవారు. జెండా ఊపగానే అవతలి పక్కనున్న కార్ల దగ్గరికి పరుగెత్తి, ఎక్కి దూసుకుపోయేవారు. ఆ తొందరలో సీటు బెల్టు సరిగ్గా పెట్టుకునేవాళ్లు తక్కువ. ఆ రోజు కూడా అందరూ పరుగెత్తారు. 24 ఏళ్ల జాకీ ఇక్స్ మాత్రం నిదానంగా నడిచి వెళ్లాడు. కూర్చుని బెల్టు బిగించుకుని అందరికంటే చివర బయల్దేరాడు. మొదటి రౌండులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు ప్రమాదంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మర్నాడు రేసు ముగిసేసరికి ఇక్స్, జాకీ ఆలివర్ కలిసి నడిపిన ఫోర్డ్ కారే ముందుంది. రెండో కారుకూ దానికీ తేడా దాదాపు 120 మీటర్లు. మరుసటి ఏడాది నుంచి ఆ పరుగు పద్ధతినే ఎత్తేశారు.

బయల్దేరే ముందు బిగించుకోవాల్సింది బిగించుకున్నవాడు చివర కదిలినా వెనకబడడు. డబ్బు విషయంలో ఈ మాట మరీ నిజం. మనలో చాలామంది కోరిక పుట్టగానే పరుగు మొదలుపెడతారు. ఖర్చు ఎంతయిందో తిరిగొచ్చాక, బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాక తెలుస్తుంది. అప్పుడు, పొందిన ఆనందం కూడా చేదవుతుంది.

కోరికకు తగ్గ కసరత్తు

1923లో మొదలైన లె మాన్ రేసును ఇప్పుడు మూడు లక్షలమందికి పైగా వచ్చి చూస్తున్నారు. జూన్ నెలలో ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఆదివారం నాలుగింటికి ముగుస్తుంది. 13.626 కిలోమీటర్ల ట్రాక్‌లో కొంత భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. 2012లో కరుణ్ చందోక్ ఇక్కడ పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. అతని జట్టు ఆరో స్థానంలో నిలిచింది. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, అదే ఏడాది జూన్‌లో లె మాన్‌లో ప్యూజో కారు నడిపాడు.

ఇంగ్లండ్ నుంచి ఏటా వేలమంది అభిమానులు సొంత కార్లలో సముద్రం దాటి ఈ రేసుకు వెళ్తారు. ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు కూడా ఇది అందుబాటులో ఉన్న కోరికే. కానీ చాలామంది విషయంలో రెండింట్లో ఒకటి జరుగుతుంది. అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ, చెల్లెలి పెళ్లి గుర్తొచ్చి కొందరు 'వచ్చే ఏడు చూద్దాంలే' అని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. ఇంకొందరు క్రెడిట్ కార్డు గీకి వెళ్లిపోతారు. ఏడాదికి 20 శాతం పైన వడ్డీ పడే కార్డు మీద విహారం అంటే అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టే. మొదటివాళ్లకు ఆనందం లేదు, రెండోవాళ్లకు మనశ్శాంతి లేదు. రెండూ కావాలంటే ఉన్న దారి ఒక్కటే, ముందే లెక్క వేసుకోవడం. లెక్క వేసుకుని చేసిన ఖర్చుకు పశ్చాత్తాపం ఉండదు.

కాగితం మీద పెట్టండి

మనసులో వేసుకునే లెక్క ఎప్పుడూ తక్కువే తేలుతుంది. ఎందుకంటే మనసు తనకు నచ్చిన ఖర్చులనే గుర్తుపెట్టుకుంటుంది. కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి: ముందే కట్టేయాల్సినవి, దారిలో తప్పనివి, ఇష్టం కొద్దీ చేసేవి, ఆపదకు దాచేవి.

మొదటి గడిలో రేసు టికెట్, సముద్రం దాటే చార్జీ, బస, వీసా, బీమా వస్తాయి. లె మాన్‌లో ప్రవేశ టికెట్ ఉంటే ట్రాక్ పక్కన గట్ల మీద నిలబడి చూడొచ్చు. స్టాండులో సీటు, గుడారం వేసుకునే స్థలం, కారు పార్కింగ్ దేనికదే విడిగా కొనాలి. ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని కలే వరకు కారుతో సహా 35 నిమిషాల్లో దాటించే షటిల్ రైల్లో చార్జీ కారుకే. లోపల ఒక్కరున్నా నలుగురున్నా అంతే. ఫెర్రీలో అయితే మనుషుల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. పోర్ట్స్‌మత్ నుంచి కాన్ వెళ్లే ఫెర్రీ ప్రయాణం ఆరు గంటలు పడుతుంది కానీ, అక్కడి నుంచి లె మాన్ చాలా దగ్గర. ఒక్క చార్జీనే పోల్చకుండా పెట్రోలు, టోల్, డ్రైవరు అలసట కలిపి పోల్చడం నేర్చుకుంటే, ఆ అలవాటు రేపు ఇల్లు కొనేటప్పుడూ ఉద్యోగం మారేటప్పుడూ పనికొస్తుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా తప్పనిసరి. పెద్దలకు రుసుము 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా చూపించాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు. ప్రయాణానికి 15 రోజులకన్నా తక్కువ గడువు ఉంటే తీసుకోరు. ఆలస్యం చేసేవాడు ఇక్కడే దొరికిపోతాడు. అందుకే వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బసనే ఎంచుకోండి.

రెండో గడి మనల్ని ఎక్కువగా మోసం చేస్తుంది. అందుకే దాన్ని లెక్కగట్టి చూద్దాం. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉండే నలుగురు మిత్రులు కలే మీదుగా వెళ్తే, రానూపోనూ, అక్కడ తిరగడం కలిపి సుమారు 1,300 కిలోమీటర్లు. సామాను నింపిన కారు లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 93 లీటర్లు. లీటరు 1.80 యూరోలు వేసుకుంటే 167 యూరోలు, తలకు 42. ఇలా అంకె కనపడగానే భయం పోతుంది. ధర కాస్త పెరిగినా ఎంత తేడా వస్తుందో వెంటనే తేలిపోతుంది. మోటార్‌వే మీది బంకుల్లో కాకుండా ఊళ్లలోని సూపర్‌మార్కెట్ బంకుల్లో పోయించుకుంటే ఇంకొంత మిగులుతుంది. అయితే మనిషి లేని పంపులు కార్డు మీద ముందుగా పెద్ద మొత్తాన్ని ఆపి ఉంచుతాయి. ఖాతాలో చివరి యూరో దాకా ఖర్చు పెట్టుకునేవాడు అక్కడ ఇబ్బంది పడతాడు.

టోల్ సంగతి ఇంకో రకం. నార్మండీ మీదుగా వెళ్లే ఏ13 రహదారిలో ఇప్పుడు గేట్లే లేవు. కెమెరా నంబరు ప్లేటును చదువుతుంది, మనమే 72 గంటల్లోగా ఆన్‌లైన్‌లో కట్టుకోవాలి. మరిచిపోతే జరిమానా. ఎవరూ ఆపి అడగని బాకీని గుర్తుపెట్టుకుని తీర్చడమే క్రమశిక్షణ. హెడ్‌లైట్లకు అతికించే స్టిక్కర్లు, మెరిసే జాకెట్టు, హెచ్చరిక త్రికోణం, 2021 నుంచి జీబీ స్థానంలో వచ్చిన యూకే గుర్తు లాంటి చిన్న చిన్న ఖర్చులూ ఈ గడిలోనే రాయండి. కార్డు యంత్రం 'పౌండ్లలో కడతారా, యూరోలలో కడతారా' అని అడిగితే యూరోలనే ఎంచుకోండి. పౌండ్లని నొక్కితే మారకం రేటు వాళ్లు పెట్టిందే.

తిండి విషయంలో మన అలవాటుకు ఒక హెచ్చరిక. బ్రిటన్ నుంచి మాంసంతోనూ పాలతోనూ చేసిన పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. చికెన్ పచ్చడి, పెరుగన్నం ఇంట్లోనే వదిలేయాలి. చింతపండు పులిహోర, ఆవకాయ ఉంటే ఒక రోజు భోజనం ఖర్చు తగ్గుతుంది. పెరుగు ఫ్రాన్స్‌లో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది.

మొహమాటం దగ్గర తేలే వ్యక్తిత్వం

స్నేహితులతో ప్రయాణాల్లో డబ్బు పోయినందుకన్నా, డబ్బు గురించి మాట్లాడలేకపోయినందుకే ఎక్కువ మనస్పర్థలు వస్తాయి. ఒకడు ఖరీదైన హోటల్ అంటాడు. ఇంకొకడికి అంత శక్తి లేకపోయినా మొహమాటానికి తల ఊపుతాడు. ఆ తల ఊపుడు నెలల తర్వాత కోపమై బయటపడుతుంది. కాబట్టి టికెట్ కొనకముందే అందరూ కూర్చుని 'నేను పెట్టగలిగింది ఇంత' అని ఎవరికి వారు చెప్పాలి. వాటిలో తక్కువ అంకె ఏదో దాన్నిబట్టి ఉమ్మడి ఖర్చులు నిర్ణయించాలి. దానిపైన ఎవరి సరదా వారిది, అదే మూడో గడి.

"ఒరేయ్, స్టాండు టికెట్ కూడా తీసుకుందాంరా."

"నాకు ఈసారి వద్దురా, నేననుకున్న లెక్క దాటిపోతుంది. నువ్వు తీసుకో. నేను గట్టు మీద నుంచి చూస్తా, రాత్రికి గుడారం దగ్గర కలుద్దాం."

ఈ రెండో మాట అనగలిగినవాడికి ఆత్మవిశ్వాసం ఉన్నట్టు. విని 'సరేరా' అని ఊరుకోగలిగినవాడికి సంస్కారం ఉన్నట్టు. ఈ రెండు గుణాలూ ఆఫీసులో జీతం గురించి మాట్లాడేటప్పుడూ, ఇంట్లో పెళ్లి ఖర్చులు మాట్లాడుకునేటప్పుడూ కావాలి.

అందరూ సమానంగా వేసిన ఉమ్మడి డబ్బుకు ఒకరిని ఖజాంచిగా పెట్టుకోండి. బ్రిటన్ కారులో స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఫ్రాన్స్ టోల్ గేటు యంత్రమేమో ఎడమవైపు. ఒంటరిగా వెళ్లేవాడు దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్లి కట్టాల్సిందే. వెనక హారన్లు మోగుతుంటాయి. నలుగురున్నప్పుడు ఎడమ సీటులో కూర్చున్నవాడు అద్దం దించి, టికెట్ తీసుకుని, కార్డు చూపించి, మొత్తాన్ని ఫోన్లో రాసేస్తాడు. ఆ రాత్రే లెక్క అందరికీ పంపాలి. తెల్లారితే సగం మరిచిపోతాం. చుట్టరికం చుట్టరికమే, లెక్క లెక్కే అనుకున్న చోట చుట్టరికమూ నిలుస్తుంది.

ఆపదకు దాచిన డబ్బు

నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. 2016 లె మాన్ రేసు కథ వాళ్లు తెలుసుకోవాలి. అప్పటిదాకా అక్కడ ఒక్కసారీ గెలవని టయోటా జట్టు ఇరవై నాలుగో గంట చివరి నిమిషాల్లో ముందుంది. అంతలో కజుకి నకజిమా నడుపుతున్న కారు శక్తి కోల్పోయి ఆగిపోయింది. విజయం పోర్షేకు వెళ్లింది. జట్టు కష్టంలో లోపం లేదు, అయినా యంత్రం ఆగింది. రెండేళ్ల తర్వాత అదే నకజిమా, సెబాస్టియన్ బుయెమీ, ఫెర్నాండో అలోన్సోతో కలిసి టయోటాకు తొలి విజయం తెచ్చిపెట్టాడు. దెబ్బ తిన్నాక మళ్లీ రావడానికి శక్తి మిగిల్చుకున్నవాళ్లకే రెండో అవకాశం దొరుకుతుంది.

మన కారైనా అంతే. ఫ్రాన్స్ మోటార్‌వే మీద కారు ఆగిపోతే ఇష్టమొచ్చిన మెకానిక్‌ను పిలిపించుకోలేం. నారింజ రంగు ఫోన్ డబ్బా నుంచో, 112కో ఫోన్ చేస్తే అక్కడి అధీకృత సంస్థ బండి వచ్చి లాక్కెళ్తుంది. ముందు మనం కట్టి, తర్వాత బీమా నుంచి రాబట్టుకోవాల్సి రావచ్చు. బ్రిటన్ సమగ్ర బీమా కూడా సముద్రం దాటాక కొన్ని పాలసీల్లో ఎదుటివారి నష్టానికే పరిమితమవుతుంది. పాలసీ కాగితం ముందే చదవండి. మొత్తం బడ్జెట్‌లో 15 శాతం ఆపదకని పక్కన పెట్టండి. దాన్ని టీషర్టులకూ టోపీలకూ ముట్టుకోనని మాట ఇచ్చుకోండి. మనకు మనం ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోవడం దగ్గరే వ్యక్తిత్వం మొదలవుతుంది. ఆపద రాకపోతే ఆ డబ్బు వచ్చే ఏటి ప్రయాణానికి మొదటి వాయిదా.

నెలవారీ సాధన

మొత్తం తేలాక దాన్ని నెలలతో భాగించండి. తలకు 900 పౌండ్లు తేలిందనుకుందాం. సెప్టెంబరులో మొదలుపెడితే మే దాకా నెలకు 100. జీతం పడిన రోజే, ఇంటికి పంపాల్సింది పంపాక, ఆ 100 వేరే ఖాతాకు వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలింది దాచుకుంటానన్నవాడికి ఎప్పుడూ ఏమీ మిగలదు. రెండు నెలలు వరసగా 100 పక్కన పెట్టలేకపోతే, ప్రణాళిక స్థోమతకు మించిందని అర్థం. స్టాండు టికెట్ తగ్గించండి, లేదా మరో ఏడాది సమయం తీసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇది చదువుతున్న మీ గమ్యం లె మాన్ కాకపోవచ్చు. చెన్నైలో రేసో, సింగపూర్‌లో రాత్రి రేసో, అమ్మానాన్నలతో కాశీయాత్రో కావచ్చు. ఏదైనా సరే, ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. వెంట వచ్చేవాళ్లను కూర్చోబెట్టి, ఎవరి అంకె వారిచేత చెప్పించండి. మొదటి నెల వాయిదాను జీతం వచ్చిన రోజే పక్కన పెట్టండి. టికెట్ కొనడం ఆ తర్వాత.